ప్రత్యేక అవసరాలున్న బిడ్డను చేరదీస్తే.. ప్రభుత్వ సాయం ఏమేం ఉంది? ఎలా పొందాలి?

ఆసుపత్రిలో వదిలేసిన పసికందు కావచ్చు, అమ్మానాన్నలు చనిపోయిన సొంత చెల్లెలి కొడుకు కావచ్చు. బిడ్డకు మాటలు రావనో, నడవలేడనో తెలిసి కూడా 'ఇది అల్లాహ్ ఇచ్చిన అమానత్' అనుకుని ఇంటికి తెచ్చుకునే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. థెరపీకి, మందులకు, ప్రత్యేక బడికి నెలనెలా డబ్బు కావాలి. పింఛన్ కోసం దరఖాస్తు పెడదామని వెళ్తే 'బిడ్డకు మీరేమవుతారు? కాగితం ఏది?' అని అడుగుతారు. చేతిలో ఉన్నదల్లా వంద రూపాయల స్టాంపు పేపర్ మీద పెద్దమనుషులు రాయించిన ఒప్పందం. అది చెల్లదు.

ఇలాంటి పిల్లలకు ప్రభుత్వ సాయం లేకపోలేదు. పింఛన్, ఆరోగ్య బీమా, ఉచిత చికిత్స, పరికరాలు, చదువు, పన్ను మినహాయింపు.. చాలానే ఉన్నాయి. కానీ ఇవన్నీ రెండు కాగితాల మీదే ఆధారపడి ఉంటాయి. ఒకటి, బిడ్డకూ కుటుంబానికీ ఉన్న సంబంధాన్ని చట్టప్రకారం చెప్పే పత్రం. రెండు, బిడ్డ వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతావి ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

దత్తతకు విడిగా భత్యం ఉందా?

కొన్ని దేశాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని దత్తత తీసుకుంటే ప్రభుత్వమే నెలనెలా కొంత సొమ్ము ఇస్తుంది. మన దేశంలో దత్తత తీసుకున్నందుకే ఇచ్చే అలాంటి కేంద్ర భత్యం లేదు. అయితే దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ చట్టం దృష్టిలో కన్నబిడ్డతో సమానం. కాబట్టి దివ్యాంగులైన పిల్లలకు కేంద్రం, రాష్ట్రం ఇచ్చే ప్రతి పథకం ఆ బిడ్డకూ వర్తిస్తుంది. దత్తత కాకుండా ఫోస్టర్ కేర్ కింద బిడ్డను పెంచితే మాత్రం విడిగా నెలసరి సాయం ఉంది. అందుకే ఏ దారిలో వెళ్లాలో ముందే ఆలోచించుకోవాలి.

ముస్లిం కుటుంబాలకు ఉన్న మూడు దారులు

1. చట్టబద్ధమైన దత్తత

హిందూ దత్తత చట్టం ముస్లింలకు వర్తించదు. దాంతో ముస్లింలు దత్తతే తీసుకోకూడదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చు. షబ్నం హష్మీ కేసులో 2014 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ఇది ఇష్టమున్నవారికి చట్టం ఇచ్చిన వెసులుబాటు మాత్రమేననీ, పర్సనల్ లా పాటించాలనుకునే వారిపై ఎలాంటి బలవంతం లేదనీ కూడా కోర్టు చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి చట్టం. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు. కేసు తన ముందుకు వచ్చాక రెండు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది.

2. గార్డియన్‌షిప్

పెంచడం, పోషించడం పుణ్యకార్యమే గానీ బిడ్డ నసబ్, అంటే తండ్రి పేరూ వంశమూ మార్చకూడదన్నది సూరా అహ్‌జాబ్ ఆధారంగా ఉలమాలు చెప్పే మాట. దీన్నే కఫాలత్ అంటారు. చట్టప్రకారం దత్తత తీసుకుంటే జనన ధ్రువపత్రంలో పెంచిన తల్లిదండ్రుల పేర్లే వస్తాయి. అది ఇష్టం లేనివారు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో గానీ, ఫ్యామిలీ కోర్టులో గానీ గార్డియన్‌షిప్ కోసం వేసుకోవచ్చు. బిడ్డ పేరు, కన్న తండ్రి పేరు అలాగే ఉంటాయి. అయితే ఈ సంబంధం బిడ్డకు 18 ఏళ్లు నిండేవరకే.

3. ఫోస్టర్ కేర్

బాలల సంక్షేమ కమిటీ అనుమతితో బిడ్డను ఇంట్లో పెట్టుకుని పెంచే పద్ధతి ఇది. ఇక్కడా నసబ్ మారదు. మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. హోమ్‌లలో ఉంటున్న ఆరేళ్లు దాటిన పిల్లల్నీ, దత్తతకు ఎవరూ ముందుకు రాని పిల్లల్నీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్నీ ఇలా కుటుంబాలకు అప్పగిస్తారు. తర్వాత దత్తత తీసుకోవాలనిపిస్తే రెండేళ్లు పెంచాక అడగవచ్చు. 2024లో వచ్చిన మార్గదర్శకాలకు ముందు ఇది ఐదేళ్లుగా ఉండేది.

తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల ఇంట్లో పెరుగుతున్న పిల్లలకు ఇదే మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ కూడా ఉంది. అదీ నెలకు 4,000 రూపాయలే. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. ఫోస్టర్ కేర్‌కైనా, స్పాన్సర్‌షిప్‌కైనా జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో దరఖాస్తు చేసుకోవాలి.

బంధువుల బిడ్డ అయితే..

బంధువుల దత్తతకు చట్టంలో విడిగా వీలుంది. దీనికీ మతంతో సంబంధం లేదు. కానీ 'బంధువు' అంటే ఎవరో చట్టమే చెప్పింది. చాచా, ఫూఫీ, మామూ, ఖాలా, దాదా-దాదీ, నానా-నానీ. అంతే. తోడబుట్టిన అక్క గానీ, తల్లిదండ్రుల కజిన్లు గానీ ఈ జాబితాలో లేరు. కన్న తల్లిదండ్రులు బతికుంటే వారి సమ్మతి కావాలి. బిడ్డకు ఐదేళ్లు దాటితే బిడ్డ సమ్మతి కూడా కావాలి. కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు చేసుకుని, జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ ద్వారా కలెక్టర్ ఉత్తర్వు పొందాలి.

ప్రత్యేక అవసరాలున్న బిడ్డ దత్తతలో వెసులుబాట్లు

దత్తత వ్యవహారాలన్నీ కేంద్ర దత్తత వనరుల సంస్థ 'కారా' చూస్తుంది. నమోదు కేరింగ్స్ పోర్టల్‌లో. ఆ తర్వాత సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి హోమ్ స్టడీ చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లల కోసం మూడేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వస్తోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో అంత నిరీక్షణ ఉండదు. ఇప్పటికే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలున్న దంపతులు బయటి బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఇలాంటి పిల్లల్ని, లేదా ఎవరూ ముందుకు రాని పిల్లల్ని మాత్రమే తీసుకోగలరు.

బిడ్డ వైద్య పరీక్షల నివేదిక ముందే చూపిస్తారు. దాన్ని తెలిసిన పిల్లల డాక్టర్‌కు చూపించాకే నిర్ణయం తీసుకోవడం మంచిది. గుండెలో చిన్న రంధ్రం, గ్రహణం మొర్రి, వంకర పాదం లాంటివి ఆపరేషన్‌తో నయమయ్యేవి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం లాంటివి జీవితాంతం సంరక్షణ కోరేవి. కుటుంబం ఎంత వరకు మోయగలదో నిజాయితీగా లెక్క వేసుకోవాలి. ఇంటికి వచ్చాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి అధికారులు వచ్చి బిడ్డను చూస్తారు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. నర్సింగ్‌హోమ్‌లోనో, మధ్యవర్తి ద్వారానో నేరుగా బిడ్డను తీసుకోవడం నేరం. చట్టం చెప్పిన పద్ధతి కాకుండా ఇస్తే, పుచ్చుకుంటే మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడవచ్చు. డబ్బు చేతులు మారితే శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది. బిడ్డను పెంచలేని తల్లి ఉంటే బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది.

వైకల్య సర్టిఫికెట్: మిగతా అన్నిటికీ తాళంచెవి

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, వినికిడి లోపం, తలసీమియా, సికిల్ సెల్ కూడా వాటిలో ఉన్నాయి. చాలా పథకాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. తెలంగాణ పింఛన్‌కు వినికిడి లోపమైతే 51 శాతం.

రెండు రాష్ట్రాల్లోనూ సదరం శిబిరాల్లో డాక్టర్ల బృందం పరీక్షించి శాతం నిర్ణయిస్తుంది. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోవచ్చు. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు తప్పక తీసుకోవాలి. చిన్నపిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని గడువు తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి. గడువు దాటితే పింఛన్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

నెలనెలా పింఛన్

తెలంగాణలో దివ్యాంగుల పింఛన్ 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి 6,000 రూపాయలు ఇస్తున్నారు. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 రూపాయలు. వృద్ధాప్య పింఛన్‌కు ఉన్నట్టు దీనికి కనీస వయసు నిబంధన లేదు. చిన్నపిల్లలకూ వస్తుంది. పేద కుటుంబమై ఉండాలి. తెలంగాణలో ఎంపీడీవో లేదా మున్సిపల్ కార్యాలయంలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో అడగాలి.

లెక్క చూస్తే, గుంటూరులో 60 శాతం మేధో వైకల్యం ఉన్న బిడ్డను పెంచుతున్న కూలీ కుటుంబానికి ఏడాదికి 72,000 రూపాయలు వస్తాయి. ఇంత సొమ్ము స్టాంపు పేపర్‌ను నమ్ముకుని పోగొట్టుకోకూడదు.

వైద్యం, థెరపీ, పరికరాలు

ఆర్‌బీఎస్‌కే: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్షిస్తారు. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులు, గ్రహణం మొర్రి, వంకర పాదం లాంటివాటికి ఉచితంగా చికిత్స చేయిస్తారు. ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు ఈ కార్యక్రమం కింద నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో థెరపీ ఉంటుంది.

ఆరోగ్యశ్రీ: తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. రెండిటికీ బిడ్డ పేరు కుటుంబ కార్డులో ఉండటం ముఖ్యం.

నిరామయ బీమా: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ ఇచ్చే బీమా ఇది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. మామూలు బీమాల్లో దొరకని ఓపీ ఖర్చులు, థెరపీ ఖర్చులు కూడా ఇందులో ఉన్నాయి. ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. డబ్బు ముందు మనమే కట్టి, తర్వాత బిల్లులు పెట్టి తెచ్చుకోవాలి. కాబట్టి ప్రతి బిల్లూ, ప్రతి చీటీ దాచాలి. ఏటా రెన్యువల్ మర్చిపోకూడదు.

ఏడీఐపీ: వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు, కాలిపర్లు, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బోధనా కిట్లు ఈ కేంద్ర పథకం కింద ఇస్తారు. తల్లిదండ్రుల లేదా గార్డియన్ల నెల ఆదాయం 22,500 రూపాయల లోపు ఉంటే పూర్తి ఉచితం, 30,000 లోపు ఉంటే సగం ధర. పుట్టుకతో వినపడని పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ కూడా దీనిలో ఉంది. దానికి వయసే కీలకం. ఎంత చిన్నప్పుడు చేయిస్తే మాటలు అంత బాగా వస్తాయి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. అక్కడే అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం ఉంది. బిడ్డ ఏ స్థాయిలో ఉన్నాడో అంచనా వేయించడానికి, ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలు నేర్చుకోవడానికి ఇవి పనికొస్తాయి.

చదువు

40 శాతం దాటిన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని మామూలు బడిలోనో, ప్రత్యేక బడిలోనో చేర్చవచ్చు. 'మీవాడిని మేం చూడలేం' అని ప్రభుత్వ బడి వెనక్కి పంపడానికి వీల్లేదు. మండలాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. బడికి రాలేని స్థితిలో ఉన్న పిల్లలకు ఇంటి వద్దే చదువు చెప్పాలి. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం గురించి హెడ్మాస్టర్‌ను అడగాలి.

9, 10 తరగతుల్లో ప్రీమెట్రిక్, ఆ తర్వాత పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లకు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి.

జీతం మీద బతికే కుటుంబాలకు

పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80డీడీ సెక్షన్ దివ్యాంగుడైన బిడ్డ కోసం 75,000 రూపాయల మినహాయింపు ఇచ్చింది. వైకల్యం 80 శాతం దాటితే 1,25,000. ఇక్కడే కాగితం రకం తేడా చూపిస్తుంది. ఆ సెక్షన్‌లో 'ఆధారపడినవారు' అంటే భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోడబుట్టినవారు. దత్తత బిడ్డ 'పిల్లలు' కిందికి వస్తుంది. గార్డియన్‌షిప్‌లో ఉన్న బిడ్డ రాదు. కేంద్ర ఉద్యోగులకు పిల్లల చదువు భత్యం దివ్యాంగుడైన బిడ్డకు రెట్టింపు ఇస్తారు. రైళ్లలో అర్హులైన దివ్యాంగులకు, తోడు వెళ్లేవారికి స్లీపర్ తరగతిలో 75 శాతం రాయితీ ఉంది.

18 ఏళ్లు నిండితే ఏమిటి?

చాలా కుటుంబాలు ఆలోచించని సంగతి ఇది. మేధో వైకల్యం ఉన్న బిడ్డ 18 దాటితే చట్టప్రకారం మేజర్. గార్డియన్‌షిప్ ముగుస్తుంది. కన్నవారికైనా, దత్తత తల్లిదండ్రులకైనా బ్యాంకు ఖాతా, ఆస్తి విషయాల్లో చిక్కులు వస్తాయి. అందుకే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ నుంచి చట్టబద్ధ గార్డియన్ ఉత్తర్వు తీసుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఈ వీలుంది. దీనికి కోర్టుకు తిరగనక్కర్లేదు.

ఆస్తి సంగతీ ముందే తేల్చుకోవాలి. జువెనైల్ జస్టిస్ చట్టం దత్తత బిడ్డకు కన్నబిడ్డ హక్కులన్నీ ఇస్తుంది. షరీఅత్ లెక్కన మాత్రం పెంచిన బిడ్డకు వారసత్వ వాటా ఉండదు. రేపు అన్నదమ్ముల మధ్య తగాదా రాకూడదంటే, బతికుండగానే హిబా ఇవ్వడం గానీ, మూడో వంతు లోపు వసీయత్ రాయడం గానీ చేయాలి. ఆలిమ్‌ను, వకీలును ఇద్దరినీ అడిగి రాయించుకోవడం మేలు.

కాగితాల వరుస

వరుస తప్పితే తిరగడమే తిరగడం. ఈ క్రమంలో వెళ్లాలి:

1. దత్తత ఉత్తర్వు, లేదా గార్డియన్‌షిప్ ఉత్తర్వు, లేదా ఫోస్టర్ కేర్ ఉత్తర్వు.
2. బిడ్డ జనన ధ్రువపత్రం. దత్తత అయితే కొత్త పేర్లతో.
3. ఆధార్.
4. రేషన్ కార్డులో పేరు చేర్పించడం.
5. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు.
6. బిడ్డ పేరుతో బ్యాంకు ఖాతా, సంరక్షకుడితో కలిపి.
7. ఆ తర్వాతే పింఛన్, నిరామయ, స్కాలర్‌షిప్ దరఖాస్తులు.

మన ఇళ్లలో ఎక్కువగా దెబ్బతీసేది పేరు స్పెల్లింగ్. ఒక కాగితంలో 'షేక్' అని, ఇంకోదానిలో 'ఎస్.కె.' అని, ఒకచోట 'మహమ్మద్' అని, మరోచోట 'ఎండీ' అని ఉంటే కంప్యూటర్ ఇద్దరు మనుషులుగా చూస్తుంది. ఇంటిపేరు ముందుందా, వెనకుందా అన్నది కూడా తేడా తెస్తుంది. మొదటి ఉత్తర్వులో పేరు ఎలా ఉందో, చివరి కాగితం వరకు అక్షరం తేడా లేకుండా అలాగే రాయించాలి. తప్పు పడితే అక్కడికక్కడే సరిచేయించుకోవాలి. ప్రతి ఉత్తర్వుకూ నాలుగైదు జిరాక్సులు తీసి, అసలు కాగితం ఇంట్లో భద్రంగా ఉంచాలి.

ఇప్పటికే స్టాంపు పేపర్ మీద బిడ్డను తెచ్చుకున్నవారు భయపడి దాచకూడదు. బిడ్డ పెద్దయ్యేకొద్దీ చిక్కు పెరుగుతుంది. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌కు లేదా బాలల సంక్షేమ కమిటీకి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వెళ్లేముందు ఒక వకీలును కలవడం మంచిది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పిల్లలకు, మహిళలకు, దివ్యాంగులకు న్యాయసాయం ఉచితం.

ఎక్కడికి ఫోన్ చేయాలి?

దత్తత వివరాలకు కారా టోల్ ఫ్రీ నంబర్ 1800-11-1311. వదిలేసిన బిడ్డ కనిపించినా, ఆపదలో ఉన్న పిల్లల గురించి చెప్పాలన్నా 1098. ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్ కోసం కలెక్టరేట్‌లో జిల్లా మహిళా, శిశు సంక్షేమ శాఖ అధికారిని అడిగితే బాలల పరిరక్షణ యూనిట్ ఎక్కడుందో చెబుతారు. ఊళ్లో అయితే అంగన్‌వాడీ టీచర్‌తో మొదలుపెట్టవచ్చు.